సికారియో: కౌబాయ్ సినిమా అని చెప్పి నాన్నకి చూపించాను, తిట్లు తిన్నాను

రెండో_ఆట
మా నాన్న కృష్ణ అభిమాని. 1971లో మోసగాళ్లకు మోసగాడు వచ్చినప్పుడు ఆయనకి పన్నెండేళ్లు. ఆ కథ ఇప్పటికీ అన్నం కలుపుకుంటూ చెప్తాడు. మొన్న ఆదివారం "ఇప్పటి కౌబాయ్ సినిమా ఒకటుంది నాన్నా, పోలీసులు, బోర్డరు, మత్తుమందుల ముఠాలు, అన్నీ ఉంటాయి" అని ఊరించి సికారియో పెట్టాను. 2015లో వచ్చిన హాలీవుడ్ సినిమా, అమెరికా-మెక్సికో సరిహద్దు కథ. నేనూ చూడటం అదే మొదటిసారి.

గంటన్నర ఓపిగ్గా చూసి ఆయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "ఒరేయ్, ఇందులో హీరో ఎవడ్రా?"

నా దగ్గర జవాబు లేదు. కేట్‌గా వేసిన ఎమిలీ బ్లంట్ అనుకుందామా అంటే ఆమెకి ఎవరూ ఏదీ చెప్పరు. తీసుకెళ్తారు, తీసుకొస్తారు, ఆఖర్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. పోనీ ఆ మాట్లాడని డెల్ టోరో అనుకుందామా అంటే భోజనాల బల్ల దగ్గర వాడు చేసిన పని చూశాక హీరో అనడానికి నోరు రాదు. గుర్రం లేదు, టోపీ లేదు, నడివీధిలో ఎదురెదురుగా నిలబడి తుపాకులు తీసే సీను లేదు. దీన్ని ఎక్కడ చూసినా "ఆధునిక వెస్టర్న్" అని రాస్తున్నారు. ఎలా అయింది వెస్టర్న్? నాకైతే టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

బెంచీ_క్లాసు
టెన్షన్ మిగిలిందంటే డబ్బులు గిట్టినట్టే కదా.

పాత_రీలు
చూడనివాళ్లు ఇక్కడితో ఆగండి, కథ మొత్తం చెప్పేస్తున్నా.

గుర్రాలు లేవంటావేంటి? ఆ నల్ల బళ్లు వరసకట్టి వంతెన దాటి మెక్సికో ఊరు హ్వారెజ్‌లోకి దిగుతాయి చూడు, గుర్రాల దండు అదే. వెస్టర్న్ అంటే టోపీ కాదు బాబూ, నేల. ఇవతలి ఒడ్డున చట్టం, అవతలి ఒడ్డున తుపాకీ, మధ్యలో ఒక ఏరు. ఆ గీత దాటితే మనిషి ఏమవుతాడు? వందేళ్లుగా వాళ్లు అదే కథ తీస్తున్నారు. ఇందులో రియో గ్రాండే ఆ ఏరు.

సొరంగంలోకి దిగే ముందు ఒక షాట్ ఉంది. సూర్యుడు అప్పుడే కుంకాడు. అడుగున నల్లటి నేల, పైన ఎర్రగా, పసుపుగా ఆకాశం. సైనికులు ఒక్కొక్కరే నడుచుకుంటూ ఆ నల్లదనంలోకి మునిగిపోతారు. మొదట కాళ్లు, తర్వాత నడుము, చివరికి తల. ఒక్క మాట ఉండదు. రోజర్ డీకిన్స్ కెమెరా. ఆ ఒక్క షాట్ కోసం నేను నాలుగుసార్లు చూశాను. ఆ నడిచేవాళ్లకి టోపీలు పెట్టి చూడు, 1950ల సినిమా అయిపోతుంది.

రాసిన టేలర్ షెరిడన్ టెక్సస్ మనిషి. దీని తర్వాత 2016లో ఒకటి, 2017లో ఇంకొకటి రాశాడు. మూడూ చట్టం చెయ్యి సరిగా అందని చోట్ల కథలే.

మిర్చి_బజ్జీ
నల్ల బళ్లు వరసగా వస్తే వెస్టర్న్ అయితే ఒక అయిదారేళ్లపాటు మనం తీసినవన్నీ వెస్టర్న్‌లే. మనవి తెల్ల సుమోలు, అవి గాల్లోకి లేచేవి. అంతే తేడా.

కడప_కుర్రోడు
బజ్జీ అన్న జోకేశాడు గానీ నేను సీరియస్‌గా అంటున్నా. ఇది మన ఫ్యాక్షన్ కథే. డెల్ టోరో పాత్ర పెళ్లాన్నీ కూతుర్నీ చంపారు. వాడు ఒకప్పుడు ప్రాసిక్యూటర్, చట్టాన్ని నమ్ముకున్న మనిషి. అంతా పోయాక ఏళ్లు ఆగి శత్రువు ఇంటికెళ్లి లెక్క తేల్చాడు. హీరో ఎవరంటే వాడే. మీ నాన్నగారికి ఇంటర్వెల్ దగ్గర ఫ్లాష్‌బ్యాక్ వేసి చూపించుంటే వెంటనే పట్టేసేవారు.

సుజాత_హెచ్
ఫ్లాష్‌బ్యాక్ వేయలేదు కాబట్టే అది ఫ్యాక్షన్ సినిమా కాలేదు కుర్రోడా. వాడి భార్య గురించీ కూతురి గురించీ రెండు ముక్కల్లో చెప్పి వదిలేశారు. మనం కన్నీళ్లు పెట్టుకునే లోపల వాడు ఎదుటివాడి భార్యనీ ఇద్దరు పిల్లల్నీ కాల్చేశాడు, ఆ తండ్రి చూస్తుండగా. మన హీరో ఆ పని చేస్తాడా? విలన్ కొడుకుని ఎత్తుకుని ముద్దుపెట్టి మరీ వదిలేస్తాడు.

డెల్ టోరో తన డైలాగులు తనే చాలావరకు కోయించుకున్నాడట. అందుకే వాడెవరో మనకి చివరిదాకా అంతుపట్టదు.

మిర్చి_బజ్జీ
డైలాగులు కోయించుకున్న హీరో! ఈ ముక్క మనవాళ్ల చెవిన వేయకండి, రైటర్లు ఆకలితో పోతారు.

చంటి_ఎల్‌పాసో
నేను 2011 నుంచి 2013 దాకా ఎల్‌పాసోలో, అంటే హ్వారెజ్‌కి ఎదురుగా అమెరికా ఒడ్డున ఉన్న ఊళ్లో, ఎం.ఎస్. చేశాను. ఈ సినిమా గురించి ఎవరు మాట్లాడినా నాకు చేతులు దురదపెడతాయి.

మా క్యాంపస్ భవనాలన్నీ భూటాన్ ఆరామాల్లా ఉంటాయి, నిజంగానే. అక్కణ్ణుంచి కిందికి చూస్తే హైవే, దాని వెనక ఏరు, ఏటి వెనక హ్వారెజ్ గుట్టల మీద చిన్న చిన్న ఇళ్లు. రాత్రి దీపాలు చూస్తే ఏది ఏ దేశమో చెప్పలేం, ఒకే ఊరిలా ఉంటుంది. ఏరు అన్నాను గానీ ఊళ్లో అది సిమెంటు కాలవ, ఏడాదిలో చాలాభాగం మన పంటకాలవలో ఉన్నన్ని నీళ్లు కూడా ఉండవు. 2010లో అవతల మూడువేల మందికి పైగా హత్యకి గురయ్యారు. అదే ఏడాది ఇవతల ఎల్‌పాసోలో అయిదుగురు. మధ్యలో ఉన్నది ఆ కాలవే. పాత_రీలు గారు చెప్పిన "గీత" అంటే అక్కడ ఉన్నవాళ్లకి కవిత్వం కాదు.

సినిమాలో బళ్లు ఇరుక్కుపోయే వంతెన బ్రిడ్జ్ ఆఫ్ ది అమెరికాస్. టోల్ లేదు కాబట్టి ఊళ్లో అందరూ ఫ్రీ బ్రిడ్జ్ అంటారు. అటునుంచి వచ్చేటప్పుడు గంటా గంటన్నర నిలబడటం మామూలు. కిటికీల దగ్గర చిరుతిళ్లు అమ్ముతుంటారని మా మెక్సికన్ క్లాస్‌మేట్లు చెప్పేవారు. అక్కడ కదలకుండా కూర్చోవడం వాళ్లకి రోజూ ఉండే చిరాకు. ఆ చిరాకునే తీసుకుని దర్శకుడు గుండె ఆగిపోయేలా చేశాడు.

బెంచీ_క్లాసు
చంటి, మెక్సికో వెళ్లావా ఎప్పుడైనా?

చంటి_ఎల్‌పాసో
వెళ్లలేదు, వెళ్లబోయాను. రూమ్మేట్ కొత్తగా కారు కొన్నాడు. ఫ్రీవే మీద ఒక ఎగ్జిట్ తప్పితే చాలు, రోడ్డు నేరుగా వంతెన మీదికి తీసుకెళ్తుంది. బోర్డు చదివే లోపే అటు వెళ్లిపోతున్నాం. వాడి వీసా స్టాంపు ముగిసిపోయింది. అటు వెళ్తే ఇటు ఎలా రావాలో తెలీదు. ఆఖరి మలుపు దగ్గర వాడు కొట్టిన బ్రేకుకి వెనక సీట్లో ఉన్న గోంగూర సీసా పగిలింది. మూడు నెలలు ఆ కారు గుంటూరులా ఉంది.

ఇంకో సంగతి. అవతల కొండ మీద తెల్లటి పెద్ద పెద్ద అక్షరాలు ఉంటాయి, చివర్లో లీలా అని ఉంటుంది. వెళ్లిన కొత్తలో మేమంతా ఎవరో పాపం ప్రేమికుడు లీల అనే అమ్మాయి కోసం కొండెక్కి రాశాడనుకున్నాం. ఆర్నెల్లకి తెలిసింది, అది స్పానిష్. బైబిలు సత్యం, దాన్ని చదువు అని.

మిర్చి_బజ్జీ
లీలకి అన్యాయం జరిగింది.

రెండో_ఆట
చంటి, గోంగూర దెబ్బకి నా ప్రశ్న కొట్టుకుపోయింది. సరే, నేల వెస్టర్న్, ఏరు వెస్టర్న్, ఒప్పుకున్నా. కానీ వెస్టర్న్‌లో షెరిఫ్ ఉంటాడు కదా, చివరికి ఏదో ఒకటి చేస్తాడు. కేట్ ఎఫ్‌బీఐ మనిషి. మొదటి సీన్లో ఇంటి గోడ బద్దలుకొట్టుకుని లోపలికెళ్లిన మనిషి. తర్వాత రెండు గంటలు ఆమెతో ఒక్క పని కూడా చేయించలేదు. అదేం రాత?

సుజాత_హెచ్
చేయించలేదా? బ్యాంకు సీను మళ్లీ చూడు. రోజూ కొంచెం కొంచెం డబ్బు జమచేసే ఆవిణ్ణి పట్టుకున్నాక, ఖాతాల లెక్కలు దొరికాయి, కేసు కట్టొచ్చు అని బ్యాంకు లోపలికి వెళ్లింది కేట్. వెళ్లొద్దన్నా వెళ్లింది. సినిమా మొత్తంలో చట్టం ప్రకారం నడుద్దాం అని పట్టుబట్టింది ఆమె ఒక్కతే. ఫలితం? లోపలి కెమెరాల్లో ఆమె మొహం ముఠాకి దొరికింది.

అక్కణ్ణుంచి బారు సీను. పరిచయమైన పోలీసాయన ఇంటికి వస్తాడు, నవ్వుతాడు, జేబులోంచి సామాను తీసి బల్ల మీద పడేస్తాడు. అందులో ఒక రంగు రబ్బరు బ్యాండు. నోట్ల కట్టలకి వేసిందే, బ్యాంకు దగ్గర ఆమె కళ్లారా చూసిందే. డైలాగు లేదు, మ్యూజిక్ లేదు. ఆమె కళ్లు ఆ బ్యాండు మీద ఆగుతాయి, అంతే. నాకు వంతెన సీను కంటే అదే భయం వేసింది. ఒంటరిగా ఉండే ఏ ఆడమనిషినైనా అడగండి.

ఆ పోలీసు ముఠా మనిషి. అలాంటివాడు వస్తాడని పైవాళ్లకి ముందే అనుమానం ఉంది. ఎర వేశారు. కేట్ బలహీనమైన పాత్ర కాదు, ఆమెని వాడుకున్నవాళ్లు బలమైనవాళ్లు. రెండూ ఒకటి కాదు. ఈ పాత్రని మగవాడిగా మార్చి రాయమని రచయితని చాలామంది అడిగారట. మగవాడై ఉంటే రెండో గంటలో తుపాకీ పట్టుకుని అందర్నీ లేపేసేవాడు, రెండో_ఆట గారి నాన్నగారు సంతోషంగా కాఫీ తాగేవారు.

రెండో_ఆట
రబ్బరు బ్యాండు నేను గమనించనే లేదు. ఆ పోలీసు ఎందుకు ఆమె గొంతు పట్టుకున్నాడో అర్థంకాక నాన్న, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పాత_రీలు
ఫోన్ చూస్తూ చూస్తే అంతే.

రెండో_ఆట
నాన్న చూస్తున్నాడు ఫోన్. నేను కాదు.

కడప_కుర్రోడు
అక్కా, వాడుకున్నారు సరే. కానీ ఆమెని అసలు ఎందుకు తీసుకెళ్లారో నాకు ఇప్పటికీ అర్థంకాదు. అంత పెద్ద టీముకి ఆమెతో పనేంటి?

పాత_రీలు
అది కథలోనే చెప్పారు. గూఢచారి సంస్థ సీఐఏకి సొంత దేశం లోపల పోలీసు పని చేసే అధికారం లేదు, 1947 చట్టంలోనే ఆ మాట ఉంది. అందుకని ఎఫ్‌బీఐ లాంటి లోపలి సంస్థ మనిషి ఒకరు పక్కన నిలబడాలి. మీటింగుకి హవాయి చెప్పులేసుకుని వచ్చిన సీఐఏ మనిషి, ఆ వేషం వేసిన బ్రోలిన్, ఆ ఒక్క లెక్క కోసమే ఆమెని ఎంచుకున్నాడు. ఆమె ఏం చేస్తుందన్నది వాళ్లకి అక్కర్లేదు, అక్కడ ఉంటే చాలు.

మాజీ_తాసిల్దారు
ఈ చర్చ నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయకూడదనుకున్నాను గానీ పై మాట చూశాక ఆగలేకపోయాను. "అక్కడ ఉంటే చాలు" అనే ఉద్యోగం నేను చేశాను.

విశాఖ మన్యం కింద ఒక మండలంలో పనిచేశాను. ఒడిశా సరిహద్దు కొండల నుంచి గంజాయి దిగే దారి మా మండలం మీదుగానే. రాత్రి ఒకటిన్నరకి తలుపు కొట్టేవారు. "సార్, బండి దొరికింది, మీరు రావాలి." 1985 మత్తుమందుల చట్టం 50వ సెక్షను ప్రకారం మనిషి ఒళ్లు సోదా చేసేటప్పుడు గెజిటెడ్ అధికారి ముందుగానీ మేజిస్ట్రేటు ముందుగానీ చేయమని అడిగే హక్కు అతనికుంది. చట్టం అడిగేది ఒంటి సోదాకే. కానీ రేపు కోర్టులో డిఫెన్సు లాయరు ఏమంటాడో అని మూటలకి కూడా మమ్మల్నే పిలిచేవారు. వీఆర్వోలు ఇద్దరు మధ్యవర్తులు, నేను అధికారిని.

నేను వెళ్లేసరికి మూటలు దింపేసి ఉంటాయి, తూకం అయిపోయి ఉంటుంది, చీటీలు అంటించి ఉంటాయి. మధ్యవర్తుల నివేదిక అట్ట మీద పెట్టి, టార్చిలైటు పట్టుకుని చూపిస్తారు. "తాసిల్దారు గారి సమక్షంలో" అని రాసేసి ఉంటుంది. నా పేరు కింద ఒక్క అంగుళం ఖాళీ. పక్కన రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్లు గొంతుక్కూర్చుని నా చెప్పుల వంక చూస్తుంటారు.

మొదటి రెండుసార్లు చదివి సంతకం పెట్టి వచ్చేశాను. మూడోసారి ఎందుకో "నా ఎదుట ఇంకోసారి తూచండి" అన్నాను. అందరూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. నివేదికలో 21 కిలోలు ఉంది. గోనె సంచి విప్పి సరుకు వేరుగా తూస్తే 20కి తగ్గింది. ఆ సంచి తడిసి ఉంది. మీకు కిలో తేడా అనిపిస్తుంది. చట్టంలో గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్లు. దాటకపోతే పదేళ్ల లోపు ఎంతైనా, జడ్జిగారి ఇష్టం.

సినిమా ఆఖర్న ఆ అమ్మాయి కేట్ గదిలోకి వచ్చి డెల్ టోరో కాగితం ముందు పెట్టాడు చూడండి, అంతా పద్ధతి ప్రకారమే జరిగిందని రాసి ఉన్న కాగితం. అక్కడ ఆపేసి లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. నాకెవరూ గడ్డం కింద తుపాకీ పెట్టలేదు. టార్చిలైటే పట్టుకున్నారు.

బెంచీ_క్లాసు
సార్…

కడప_కుర్రోడు
సార్, తర్వాత ఏమైంది? మార్చి రాశారా?

మాజీ_తాసిల్దారు
రాశారు. నాకు ఇంటికి తిరిగి బండి ఇవ్వలేదు, అంతే. నడిచి వచ్చాను.

ఆ మొదటి రెండు మూటలు ఎంత తూగేవో నాకు తెలీదు.

చంటి_ఎల్‌పాసో
ఈ పోస్టు తర్వాత నా గోంగూర సీసా కథ తీసేద్దామనుకుంటున్నా.

సుజాత_హెచ్
ఉంచు, పర్లేదు. సార్, మీరు తూకం వేయించారు. కేట్‌కి ఆ వీలు కూడా ఇవ్వలేదు.

పాత_రీలు
వీలు ఇచ్చారు. సంతకం పెట్టాక ఆమె బాల్కనీలోకి వెళ్లి కింద నడిచిపోతున్న డెల్ టోరోకి తుపాకీ గురిపెడుతుంది. వాడు వెనక్కి తిరిగి కాల్చమన్నట్టు నిలబడతాడు. కాల్చదు. రెండో_ఆట, నువ్వు అడిగిన ఎదురెదురుగా నిలబడే సీను ఉంది, అదే. తుపాకీ ఒక్కరి చేతిలోనే ఉంది, గుండు పేలలేదు.

కడప_కుర్రోడు
కాల్చి ఉంటే ఆమె కూడా వాళ్లలో ఒకత్తె అయ్యేది. కాల్చకపోతే చేతకానిదంటున్నారు. ఏం చేయాలి మరి?

మిర్చి_బజ్జీ
ఉద్యోగం మానేసి లీల కోసం కొండెక్కాలి.

నెల్లూరు_శీను
ఆలస్యంగా వచ్చా. అందరూ పొగుడుతున్నారు, ఒక్కరూ మెక్సికో సంగతి మాట్లాడరేంటి? ఊళ్లోకి వెళ్లగానే వంతెన కింద వేలాడే శవాలు, ప్రతివాడి చేతిలో తుపాకీ. అక్కడ ఇడ్లీలు తినేవాళ్లు, బడికెళ్లేవాళ్లు లేరా? బీహార్ మీద హిందీవాళ్లు తీసే సినిమాల్లా ఉంది.

చంటి_ఎల్‌పాసో
శీను అన్న మాట నిజం. సినిమా వచ్చినప్పుడు హ్వారెజ్ మేయరు కూడా ఇదే అన్నాడు, చూడొద్దని పిలుపిచ్చాడు. 2015 నాటికి అక్కడ హత్యలు బాగా తగ్గిపోయాయి. సినిమాలో చూపించిన వీధులు కూడా చాలావరకు హ్వారెజ్‌వి కావు, మెక్సికో సిటీలో తీశారు. మా ఎల్‌పాసో స్నేహితులు ఇప్పటికీ పళ్లు కట్టించుకోవడానికి వంతెన దాటి వెళ్తారు, ఇవతలి బిల్లుకి అవతల మొత్తం నోరు బాగుచేయించుకోవచ్చు.

సుజాత_హెచ్
ఒక ఇల్లు మాత్రం చూపించారు శీను గారూ. సిల్వియో అనే పోలీసు. పొద్దున్నే కొడుకు లేపుతాడు, ఫుట్‌బాల్ ఆడదాం రా అంటాడు. ఆయన కాఫీలో మందు కలుపుకుని తాగుతాడు. మూడుసార్లు ఆ ఇంటికి వెళ్తాం, ఎందుకు వెళ్తున్నామో తెలీదు. తర్వాత ఆ పోలీసే మత్తుమందుల సరుకు మోసే బండి నడుపుతున్నాడని తెలుస్తుంది, డెల్ టోరో చేతిలో కుక్కలా చస్తాడు. సినిమా ఆఖరి సీను ఆ పిల్లాడిదే. తల్లి తీసుకొచ్చింది, మట్టి గ్రౌండులో ఆడుతున్నాడు. దూరంగా తుపాకుల మోత. ఆట ఆగుతుంది, తల్లులంతా అటు చూస్తారు. మళ్లీ విజిల్, మళ్లీ ఆట.

నెల్లూరు_శీను
ఒక్క ఇల్లు చూపించి ఆ ఇంటాయన్ని కూడా దొంగని చేశారంటే నా మాటే గెలిచినట్టు.

సుజాత_హెచ్
సరే, సగం గెలిచారు.

బెంచీ_క్లాసు
ఆ మ్యూజిక్ గురించి ఎవరూ అనలేదు. యోహాన్ యోహాన్సన్. నేను కొత్త స్పీకర్లు పెట్టి వంతెన సీను వేస్తే కింద ఫ్లాట్ అంకుల్ వచ్చి "మోటారు ఆపండి బాబూ, ట్యాంకు నిండి చాలాసేపైంది" అన్నాడు.

కడప_కుర్రోడు
😂 రెండో భాగం చూడొచ్చా ఎవరైనా చెప్పండి.

పాత_రీలు
2018లో వచ్చింది. దర్శకుడు వేరు, కెమెరా వేరు, కేట్ లేదు. కాల్పులు బోలెడు. రెండో_ఆట వాళ్ల నాన్నగారికి ముందు అది పెట్టాల్సింది.

రెండో_ఆట
నిన్న రాత్రి మళ్లీ పెట్టాను. ఈసారి నాన్న ఫోన్ తీసి లోపల దాచాను. తాసిల్దారు గారు రాసింది ముందే చదివి వినిపించాను కాబట్టి సంతకం సీను దగ్గర ఆయన కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు. ఏమీ అనలేదు.

గ్రౌండు సీను అయ్యాక మాత్రం "ఆ పిల్లాడికి వాళ్ల నాన్న రాడని చెప్పారా లేదా?" అన్నాడు. చూపించలేదు నాన్నా అన్నాను. "చెప్పి ఉండరు. చెప్తే ఆటకి పంపరు కదా" అని లేచి లైటు వేశాడు.

హీరో ఎవడని మళ్లీ అడగలేదు. ఇవాళ పొద్దున మాత్రం, ఆ కొండ మీద లీల సంగతి మొత్తం ఇంకోసారి చదవమన్నాడు.